సీటు ఇచ్చారు, పని కూడా ఇవ్వండి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి, జిల్లాలోని ప్రభుత్వ కార్యాలయాల అధిపతులకు, ముఖ్యంగా సెక్షన్లు నడిపే సూపరింటెండెంట్లకు,

నమస్కారం.

నేను ఈ జిల్లాలోనే జూనియర్ అసిస్టెంటుగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. ఏ శాఖలో పనిచేశానో ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఈరోజు అక్కడ కూర్చున్నవారి మీదికి మాట పోతుంది. జరిగిన తప్పు నాది, వారిది కాదు. ఆ తప్పు ఇప్పటికీ ఎన్నో కార్యాలయాల్లో జరుగుతోందని నా కళ్లతో చూస్తున్నాను కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

2011లో వికలాంగుల బ్యాక్‌లాగ్ పోస్టుల భర్తీలో మా కార్యాలయానికి ఒక జూనియర్ అసిస్టెంట్ వచ్చాడు. ఉరవకొండ వైపు పల్లె. పుట్టుకతోనే చూపు లేదు. ప్రత్యేక పాఠశాలలో బ్రెయిలీ నేర్చుకొని, అనంతపురంలో డిగ్రీ పూర్తి చేశాడు. మొదటి రోజు వాళ్ల నాన్న భుజం పట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. జాయినింగ్ రిపోర్టు నా చేతికిచ్చి అతను అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"సార్, నా సీటుకు ఏ సబ్జెక్టులు ఇస్తున్నారు?"

ఆఫీసులో సబ్జెక్టులంటే ఒక్కొక్క సీటుకు అప్పగించే పనులు. నేను నవ్వి, "నీకెందుకు నాయనా ఆ శ్రమ? రోజూ వచ్చి సంతకం పెట్టి కూర్చో, చాలు" అన్నాను. వాళ్ల నాన్న రెండు చేతులూ జోడించాడు. దేవుడిలాంటి సారు దొరికాడన్నాడు. ఆ మాటకు నా కడుపు నిండిపోయింది. కొడుకు ఏమీ అనలేదు. అతను ఏమీ అనలేదన్న సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు.

రెండున్నర ఏళ్లు అతను బీరువా పక్కన, కిటికీ దగ్గర కూర్చున్నాడు. అందరికంటే ముందే పదిన్నర లోపు వచ్చేవాడు. తపాలు వచ్చేవి, సెక్షన్ అంతా పంచుకునేవారు, అతని ముందు నుంచే కాగితాలు దాటిపోయేవి. శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో మేమంతా రాత్రి ఎనిమిది దాకా ఉండి జవాబులు తయారుచేసేవాళ్లం. అతన్ని మాత్రం "నువ్వు వెళ్లు బాబూ, బస్సు దొరకదు" అని ఐదింటికే పంపేవాళ్లం. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. టీ తాగేటప్పుడు మొదటి గ్లాసు అతనికే ఇచ్చేవాళ్లం. పండక్కి బొబ్బట్లు తెచ్చిపెట్టేవాళ్లం. పని తప్ప అన్నీ ఇచ్చాం.

తర్వాత ఒక అధికారిణి బదిలీ మీద వచ్చారు. వచ్చిన వారంలోనే సబ్జెక్టుల కేటాయింపు పట్టిక తెమ్మన్నారు. నేను పట్టుకెళ్లాను. ఒక పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఇదేమిటని అడిగారు. చెప్పాను. ఆమె కోప్పడలేదు. "ఇతను మిమ్మల్ని పని అడగలేదా?" అన్నారు. అడిగాడన్నాను. "మీరు ఏమన్నారు?" అన్నారు. నేను చెప్పిన జవాబు విని ఆమె కాసేపు ఆ ఖాళీ గడి వైపే చూశారు. తర్వాత, అతన్ని పిలిపించి నా ఎదుటే ఏ పని చేయగలవో అడిగారు. "ఏ పని ఇచ్చినా నేర్చుకుంటాను మేడమ్. ముందు కంప్యూటర్ ఇప్పించండి" అన్నాడు. మా కార్యాలయంలో అప్పటికి ఆరు కంప్యూటర్లున్నాయి. రెండున్నర ఏళ్లలో అతన్ని వాటి దగ్గరికి ఎవరూ తీసుకెళ్లలేదు.

ఆ తర్వాత జరిగిందంతా అద్భుతమేమీ కాదు. పత్రికల్లో వచ్చే విజయగాథలాంటిదీ కాదు. ఆఫీసు పని ఎలా జరుగుతుందో అలాగే జరిగింది. తెర మీద ఉన్న అక్షరాలను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఎన్‌వీడీఏ అంటారు. ఆస్ట్రేలియాలో చూపులేని ఒక యువకుడు 2006లో మొదలుపెట్టిన పని అది. పూర్తిగా ఉచితం. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు, మంజూరు ఉత్తర్వు అక్కర్లేదు. అతను కాలేజీలోనే దాన్ని నేర్చుకొని వచ్చాడు. మాకు తెలియదు, ఎందుకంటే మేం అడగలేదు.

అయితే అక్కడ ఒక చిక్కు వచ్చింది. దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ చిక్కు ఇప్పటికీ మీ కార్యాలయాల్లో ఉంది. మా తెలుగు లేఖలన్నీ పాత ఫాంట్లలో ఉండేవి. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్ల వంటివన్నమాట. మన కంటికి అవి చక్కని తెలుగు అక్షరాలు. కంప్యూటర్ లోపల మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. చదివి వినిపించే యంత్రానికి అవి తెలుగని తెలియదు. మేం ఎంతో శ్రద్ధగా టైపు చేసిన లేఖ అతని చెవిలో అర్థంలేని చప్పుడుగా పడేది. అదే లేఖను, ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే యూనికోడ్‌లో టైపు చేస్తే అక్షరం పొల్లు పోకుండా వినిపిస్తుంది. ఫాంటు మార్చడానికి మాకు రెండు వారాలు పట్టింది. టైపు చేసే ఇద్దరు మొదట విసుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

స్కాన్ చేసిన కాగితాలదీ ఇదే కథ. కాగితాన్ని ఫొటో తీసి ఫైలులో పెడితే అది బొమ్మ. బొమ్మను ఆ యంత్రం చదవలేదు. ఈరోజు ఈ-ఆఫీస్ వచ్చింది, ఫైళ్లన్నీ తెర మీదికి వచ్చాయి. చూపులేని ఉద్యోగికి ఇంతకంటే మంచి రోజులు రావాలి. కానీ ఫైలు తెరిస్తే లోపల ఉన్నవన్నీ వంకరగా స్కాన్ చేసిన బొమ్మలైతే అతనికి ఆ ఫైలు మూసి ఉన్నట్టే. ప్రభుత్వ ఉత్తర్వులు కూడా సంతకం, ముద్ర కనిపించాలని అచ్చు తీసి మళ్లీ స్కాన్ చేసి పెడుతుంటారు. కంప్యూటర్‌లో టైపు చేసిన అసలు ప్రతిని కూడా జత చేస్తే చాలు. దానికి అర నిమిషం పడుతుంది.

చేతిరాత అర్జీలు మిగిలాయి. పదో తరగతి చదివిన మా అటెండరు రోజూ ఉదయం ఒక గంట వాటిని చదివి వినిపించేవాడు. మా కుర్రాడు విని టైపు చేసుకునేవాడు. సెలవుల ఖాతాలు, పెన్షన్ ప్రతిపాదనలు అతని సబ్జెక్టులయ్యాయి. మొదటి మూడు నెలలు తప్పులు చేశాడు. నేనూ చేరిన కొత్తలో చేశాను. ఒకసారి ఒక రిటైర్మెంట్ కాగితాలు పంపడంలో పది రోజులు ఆలస్యం చేశాడు. నియమం ప్రకారం సంజాయిషీ అడుగుతూ మెమో ఇవ్వాల్సి వచ్చింది. ఇవ్వడానికి నా చెయ్యి ఆడలేదు. ఇచ్చాను. మర్నాడు అతను జవాబు టైపు చేసి తెచ్చాడు. జవాబు బాగుంది, అందులో సాకులు లేవు. వెళ్తూ వెళ్తూ, "సార్, ఇది నాకు వచ్చిన మొదటి మెమో. ఇంటికి తీసుకెళ్లి నాన్నకు చదివి వినిపించాను" అన్నాడు.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్కలో ఉన్నాననిపించుకోవడానికి ఒక మనిషి మూడేళ్లు ఎదురుచూశాడు. అదీ నా దయ వల్ల.

కలెక్టర్ గారూ, చట్టం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 1995 వికలాంగుల చట్టం ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది, వైకల్యాల జాబితాను 21కి పెంచింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. గుర్తించిన కొన్ని పోస్టుల్లోనే కాదు, కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద లెక్క కట్టాలని సుప్రీంకోర్టు 2013 అక్టోబరులోనే తేల్చింది. వికలాంగులు చేయదగిన 3,566 పోస్టుల జాబితాను కేంద్రం 2021 జనవరిలో ప్రకటించింది. ఏ ఖాళీ ఏ రిజర్వేషన్‌కు వెళ్తుందో చూపే రోస్టరు రాసే గుమాస్తాకు ఇవన్నీ కంఠతా వచ్చు. 2016 చట్టంలో రిజర్వేషన్ గురించిన 34వ సెక్షన్ అనగానే పాయింట్లు చెప్పేస్తాడు. 20వ సెక్షన్ మాత్రం ఎవరూ తెరవరు. ప్రతి ప్రభుత్వ సంస్థా వికలాంగ ఉద్యోగికి తగిన సౌలభ్యాలు, అడ్డంకులు లేని వాతావరణం కల్పించి తీరాలని అందులో ఉంది. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో పదోన్నతి ఆపకూడదని ఉంది. ఇంకా ముందుకెళ్లి చట్టం మొదట్లోని నిర్వచనాలు చూస్తే, తగిన సౌలభ్యం నిరాకరించడమూ వివక్షే అని రాసి ఉంది. నేను చేసిన పనికి చట్టం పెట్టిన పేరు అదే. నా మనసులో అది దయ. నేను అతన్ని ఖాళీగా కూర్చోబెట్టిన నాటికి ఈ చట్టం రాలేదన్నది నాకు ఊరట కాదు.

దయ వల్ల జరిగిన నష్టం అక్కడితో ఆగలేదు. సీనియర్ అసిస్టెంట్ పదోన్నతి వచ్చినప్పుడు అతనికి సీటు నడిపిన అనుభవం తక్కువని ఒకరు నోట్ రాశారు. ఆ అనుభవం లేకుండా చేసింది మేమే. నేను ఆ నోట్‌కు ఎదురు నోట్ రాసి, రెండున్నర ఏళ్లు అతనికి పని ఇవ్వలేదని ఒప్పుకుంటూ సంతకం పెట్టాను. పదోన్నతి వచ్చింది, కానీ ఎనిమిది నెలలు ఆలస్యంగా. సర్వీసులో ఎనిమిది నెలలంటే ఏమిటో మీ అందరికీ తెలుసు.

రిటైరయ్యాక ఏదో ఒక పని మీద కార్యాలయాలకు వెళ్తుంటాను. ఇప్పుడు నా కళ్లు ముందుగా ఆ మూల కుర్చీల మీదికే పోతాయి. ఒకచోట వినికిడి లేని అమ్మాయి ఉంది. టైపింగులో ఆమె వేగం ఆ సెక్షన్‌లో ఎవరికీ లేదు. సమీక్షా సమావేశంలో అందరూ నవ్వితే ఆమె కూడా నవ్వుతుంది, ఒక క్షణం ఆలస్యంగా. ఎవరూ ఆమెకు రెండు ముక్కలు కాగితం మీద రాసి చూపించరు. సమావేశంలో తీసుకున్న నిర్ణయాలు ఆమెకు మూడో రోజు మెమో రూపంలో తెలుస్తాయి. సైగల భాష తెలిసినవారిని నెలకు ఒకసారైనా సమావేశాలకు పిలిపించడం జిల్లా యంత్రాంగానికి తలకు మించిన పని కాదు. ఈ జిల్లాలో దశాబ్దాలుగా వినికిడి లేని పిల్లలకు, చూపు లేని పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడుస్తున్నాయి. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) వంటి స్వచ్ఛంద సంస్థ ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది. అక్కడ వినికిడి లేని పిల్లలకు పాఠాలు చెప్పేవారికి సైగల భాష వచ్చు. మన చుట్టూ ఉన్న ఆ నేర్పును మన కార్యాలయం గుమ్మం లోపలికి రానివ్వడమే మిగిలింది.

ఇంకొకచోట పోలియో వచ్చిన ఒక ఉద్యోగిని చెప్పిన మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆమె ఉదయం తొమ్మిది దాటాక మంచినీళ్లు తాగదు. ఎందుకంటే మరుగుదొడ్డి పెరటి చివర, నాలుగు మెట్లు దిగి వెళ్లాలి, లోపల పట్టుకోవడానికి కడ్డీ లేదు. అనంతపురం మే నెల ఎండలు ఎలా ఉంటాయో తెలిసినవారికి దీని అర్థం చెప్పనక్కర్లేదు. ఒక కడ్డీ, ఒక వాలుదారి. చట్టం కింద నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నింటినీ ఐదేళ్లలో మార్చాలన్నారు. ఆ ఐదేళ్లు 2022 జూన్‌తో నిండాయి. ఆమె ఇంకా నీళ్లు తాగకుండానే పనిచేస్తోంది.

సర్వీసులో ఉండగా ప్రమాదం జరిగి చెయ్యో కాలో పోయినవారు ఉంటారు. స్తంభం మీద కరెంటు షాకు తగిలిన లైన్‌మెన్, కళ్లు మసకబారిన డ్రైవరు. వారిని ఉద్యోగం నుంచి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, వేరే పోస్టుకు మార్చాలి, పోస్టు లేకపోతే అదనపు పోస్టులో ఉంచాలి. ఇది 20వ సెక్షన్‌లోనే ఉంది. పాత చట్టం కిందే, కాలు కోల్పోయిన ఒక కానిస్టేబుల్ కేసులో సుప్రీంకోర్టు 2003లో ఈ మాట గట్టిగా చెప్పింది. వేరే పోస్టుకు మార్చినవారికి కూడా ఆ మూల కుర్చీయే దక్కుతోందేమో చూడండి. ఇరవై ఏళ్లు లైన్ల మీద పనిచేసిన మనిషికి ఆ పని తెలుసు. ఫిర్యాదులు తీసుకోవడం, కొత్తవారికి జాగ్రత్తలు నేర్పడం, స్టోరు చూడడం అతను చేయగలడు.

మీలో కొందరి మనసులో మెదిలే మాట నాకు తెలుసు. దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు కొట్టేసినవారున్నారు కదా అంటారు. ఉన్నారు. వారిని పట్టుకోవాల్సిందే, ఎందుకంటే వారు దొంగిలించింది ఈ మనుషుల పోస్టులనే. కానీ ఆ పేరుతో, కాలు లేని మనిషిని కాలు లేదని మళ్లీ మళ్లీ, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరంలో బారులో నిలబెట్టి నిరూపించుకోమనడం న్యాయం కాదు. ఇక పింఛను. 2024లో వికలాంగుల పింఛను 6 వేల రూపాయలకు పెంచారు, ఎంతో మంచిది. ఆ డబ్బుతో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. కానీ జీతం పుచ్చుకునే ఉద్యోగిని ఖాళీగా కూర్చోబెడితే మనం అతనికిచ్చేది జీతం కాదు, ఇంకో పేరుతో పింఛను. అతను పరీక్ష రాసి గెలుచుకొని వచ్చింది దాని కోసం కాదు.

పని నెమ్మదిగా సాగుతుందన్నది ఇంకో మాట. కొన్ని పనులు నెమ్మదిగానే సాగుతాయి. పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. పరీక్షలో ఒప్పుకున్న ఆ నెమ్మదిని ఆఫీసులో ఎందుకు ఒప్పుకోం? చూపులేని కట్టా సింహాచలం గారు మన రాష్ట్రంలోనే ఐఏఎస్ అధికారిగా పనిచేస్తున్నారు. చూపులేని మరో ఐఏఎస్ అధికారిణి ప్రాంజల్ పాటిల్ గారు 2019లో తిరువనంతపురంలో సబ్ కలెక్టరుగా బాధ్యతలు తీసుకున్నారు. వారి పేర్లు ఇక్కడ రాస్తున్నది ప్రతి ఒక్కరూ ఐఏఎస్ కావాలని చెప్పడానికి కాదు. వారి బల్ల మీదికి ఫైలు వెళ్లినప్పుడు చదవగలిగే రూపంలో వెళ్తుంది. పై అధికారి బల్ల మీదికి అలా వెళ్లగలిగిన ఫైలు జూనియర్ అసిస్టెంట్ బల్ల మీదికి ఎందుకు వెళ్లకూడదు?

ఖాళీల సంగతి కూడా ఒక్క మాట. అర్హులైన అభ్యర్థి దొరకలేదని రాసి రోస్టరు పాయింటును వచ్చే ఏడాదికి నెట్టడం మనకు అలవాటు. ఆ ఖాళీ పోస్టు వెనక ఒక పల్లెలో ఎవరో ఒకరు నోటిఫికేషన్ కోసం కాచుకొని వయసు దాటిపోతున్నారు. రాయదుర్గం, కళ్యాణదుర్గం పల్లెల నుంచి వచ్చేవారికి ప్రకటన చేరిందా, చూపులేనివారు దరఖాస్తును ఒకరి సాయం లేకుండా నింపగలిగారా అన్నది ఎవరూ అడగడం లేదు. ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవారికి కేటాయించిన వాటాలో వచ్చేవారు ఏ సీటుకు సరిపోతారో ఆలోచించినవారు కూడా తక్కువ.

సూపరింటెండెంట్ మిత్రులారా, మీతో సాటి గుమాస్తాగా ఒక మాట. మీ సెక్షన్‌లోని వికలాంగ ఉద్యోగికి ఏ పని వస్తుందో మీకు మీరే నిర్ణయించకండి. పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని అడగండి. అతను చెప్పిన దానిలో కుదరనిది ఉంటే ఎందుకు కుదరదో అతని ఎదుటే మాట్లాడండి. పని ఇచ్చాక తప్పు చేస్తే చెప్పండి, మెమో ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి. బాగా చేస్తే అందరికీ చెప్పినట్టే చెప్పండి. మా కుర్రాడు ఇప్పటికీ ఫోను చేస్తుంటాడు. అతని దగ్గర ఇప్పుడు ఇద్దరు జూనియర్లు పని నేర్చుకుంటున్నారు. వారి నోట్‌లలో అచ్చుతప్పులు ఎక్కువని ఫిర్యాదు చేస్తుంటాడు.

కలెక్టర్ గారూ, మిమ్మల్ని నిధులు అడగడం లేదు, కొత్త కమిటీ అడగడం లేదు. జిల్లాలోని ప్రతి కార్యాలయం నుంచి సబ్జెక్టుల కేటాయింపు పట్టిక తెప్పించండి. వికలాంగ కోటాలో చేరిన ప్రతి ఉద్యోగి పేరు ఎదురుగా ఏముందో చూడండి. గడి ఖాళీగా ఉన్నచోట, లేదా "ఇతర పనులు" అని రాసి ఉన్నచోట, ఆ సూపరింటెండెంటును పిలిపించి, నన్ను ఆ అధికారిణి అడిగిన ప్రశ్నే అడగండి. ఇదే విన్నపంతో వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వస్తున్నాను. అర్జీ ఒక పేజీయే. యూనికోడ్‌లో టైపు చేయించాను, పెన్ డ్రైవ్‌లో దాని ప్రతి కూడా తెస్తాను. అది ఏ సీటుకు వెళ్తుందో, ఆ సీటులో ఎవరుంటారో నాకు తెలియదు కదా.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంట్,
అనంతపురం